భార్యాభర్తలు ఒకరి తప్పు ఒకరికి తీర్పు తీర్చకుండా ఎలా చెప్పాలి?

ఆలివ్_కొమ్మ:
అందరికీ వందనాలు. మా సంఘంలో కొత్త జంటలకు పాఠం సిద్ధం చేస్తున్నాను. బైబిల్లో మత్తయి 7:1 తీర్పు తీర్చకుడి అంటుంది. మరి భర్త ఆదివారం ఆరాధన మానేస్తున్నా, భార్య అప్పు చేసి దాచినా నోరు మూసుకోవాలా? చెబితే గొడవ, చెప్పకపోతే లోపల మంట. ఎలా మాట్లాడాలో, ఏది బెడిసికొడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

కరుణ_నెల్లూరు:
సిస్టర్, 5వ వచనం దాకా చదివించండి, సగం సందేహం తీరుతుంది. ఎదుటివాళ్ల కంట్లో నలుసు (చిన్న తప్పు) తీయొద్దని యేసు అనలేదు, ముందు మన కంట్లో దూలం (పెద్ద తప్పు) తీసుకోమన్నాడు. "నీకు దేవుడంటే భయం లేదు" అనడం తీర్పు. ఎదుటివాళ్ల హృదయం మనకు కనబడదు కదా. "మూడు వారాలుగా రావట్లేదు, ఏమైంది? సంఘంలో ఎవరైనా బాధపెట్టారా?" అని అడగండి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.

ఒకసారికి ఒక్కటే సంగతి. పిల్లలు, అత్తమామలు పక్కన లేనప్పుడు. ఆకలి మీదున్నప్పుడు, డ్యూటీ నుంచి వచ్చీ రాగానే వద్దు. "ఎప్పుడూ ఇంతే", "మీవాళ్లంతా ఇంతే" అన్నారంటే అసలు సంగతి పక్కకెళ్లి పాత గొడవలన్నీ పైకొస్తాయి. ప్రేమ అపకారాన్ని మనసులో ఉంచుకోదు (1 కొరింథీ 13:5). క్షమించానన్న తప్పును మళ్లీ వాదనలోకి లాగకూడదు.

అప్పు దగ్గర "ఎందుకు దాచావ్" తర్వాత అడగొచ్చు. ముందు ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి కట్టాలి అన్నవి ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాయండి. దాచడానికి ఎక్కువగా భయమే కారణం. అరిస్తే మిగతా అప్పులు కూడా దాస్తారు.

ఎఫెసీ_4_29:
చాలా ఇళ్లలో తీర్పు ప్రార్థన రూపంలో వస్తుంది. కుటుంబ ప్రార్థనలో "ప్రభువా, ఈయన కోపం తీసెయ్యి" అని గట్టిగా అంటే అది భర్తకు వినిపించడమే. కొన్నాళ్లకు ఆయన ప్రార్థనకే కూర్చోడు. ఉపవాస కూడికలో ప్రార్థన మనవి పేరుతో ఇంటి గుట్టు చెప్పడమూ అంతే. ఆ మనవి ఒంటరిగా చేసుకోండి. పైకి ప్రార్థించేటప్పుడు ఆయన చేసిన ఒక మేలు చెప్పి దేవునికి స్తోత్రం చెల్లించండి.

భర్తకు లోబడమనే ఎఫెసీ 5:22 భార్యకు వినిపించే భర్త, భార్యను ప్రేమించమనే 25వ వచనం తాను చదువుకోవాలి. భార్యను సన్మానించకపోతే ప్రార్థనలకే అభ్యంతరమని 1 పేతురు 3:7లో ఉంది. దీన్ని పాఠంలో తప్పక పెట్టండి.

ఆలివ్_కొమ్మ:
తాగొచ్చే భర్త సంగతి? సూర్యుడు అస్తమించేదాకా కోపం ఉంచుకోవద్దనే ఎఫెసీ 4:26 చూపించి ఆ రాత్రే తేల్చుకోవాలంటారు చాలామంది.

కరుణ_నెల్లూరు:
ఆ రాత్రి అసలు వద్దు. 1 సమూయేలు 25:36-37లో నాబాలు మత్తులో ఉండగా అతని భార్య అబీగయీలు ఏమీ చెప్పలేదు, తెల్లారి మత్తు దిగాక చెప్పింది. 4:26 కోపాన్ని పెంచుకోవద్దంటుంది, వాదన రాత్రికి రాత్రే ముగించమని కాదు. "రేపు టిఫిన్ అయ్యాక మాట్లాడదాం" అని పడుకోండి. ఆ టైముకు తప్పకుండా మాట్లాడండి.

చెయ్యి చేసుకుంటే మాత్రం ఓర్చుకోమని బోధించకండి సిస్టర్. క్షమించడమంటే దెబ్బలు తింటూ ఉండిపోవడం కాదు. ముందు ఆమె, పిల్లలు భద్రమైన చోటికి వెళ్లాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. 2005 గృహహింస చట్టం కింద కోర్టులో రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. పాస్టరుగారు ఆమె మాట విడిగా వినాలి, ఎందుకంటే కొట్టినవాడి ఎదుట కూర్చోబెడితే ఆమె నిజం చెప్పలేదు.