జిఫ్ఫీకి 'రెప్పపాటు' సరిపోతదా?

హనుమకొండ నుంచి: ఇంజినీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్తుంటాను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగం కెర్నెల్. అది కాలాన్ని లెక్కపెట్టే పాత కొలత జిఫ్ఫీ. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు అర్థమవుతుందని 'రెప్పపాటు' అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు 'జరసేపు' అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. ఏది నయం?

కరీంనగర్ నుంచి: రెప్పపాటే మేడమ్. మా దగ్గర జరసేపు ఐదు నిమిషాలైతది, గంట కూడా అయితది!

జగిత్యాల నుంచి: పంచాంగంలో చూడండి. గడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. అవి ఇక్కడ పనికిరావు.

వరంగల్ నుంచి: రెప్పపాటు కూడా పెద్దదే మేడమ్. రెప్ప వేసి తెరవడానికి 100 మిల్లీసెకన్లు అనుకున్నా, కెర్నెల్‌లో హెచ్‌జడ్ విలువ, అంటే సెకనుకు టైమర్ కొట్టే టిక్‌ల లెక్క, 250 ఉంటే జిఫ్ఫీ 4 మిల్లీసెకన్లే. అంటే ఆలోపు పాతిక జిఫ్ఫీలు అయిపోతాయి. ఆ 4 కన్నా సన్నగా కొలిచే హై రిజల్యూషన్ టైమర్లు వచ్చాయి. పాత పద్ధతిలో ప్రోగ్రామ్ 1 మిల్లీసెకను నిద్ర (పని ఆపి ఉండటం) అడిగినా టిక్ కొట్టేదాకా ఆగాల్సిందే, బస్సు టైముకే బయల్దేరినట్టు. ఒక్కోసారి 8 మిల్లీసెకన్ల దాకా పట్టేది. 2007లో వచ్చిన కెర్నెల్ 2.6.21 వెర్షన్ నుంచి, తర్వాత ఎవరిని ఎప్పుడు లేపాలో చూసుకుని కెర్నెల్ ఆ సమయానికే హార్డ్‌వేర్ టైమర్‌ను పెడుతుంది. లెక్కంతా నానోసెకన్లలో.

హనుమకొండ నుంచి: అయితే దాన్ని 'కచ్చిత టైమర్' అనొచ్చా?

వరంగల్ నుంచి: అస్సలు వద్దు. పిల్లలు దెబ్బతినేది అక్కడే. కొలత సన్నగా ఉన్నంత మాత్రాన పని అదే క్షణంలో జరగదు. నిద్ర అడిగితే కెర్నెల్ ఇచ్చే మాట ఒక్కటే: మధ్యలో లేపే సిగ్నల్ వస్తే తప్ప ఆ గడువుకు ముందు లేపను. ఆలస్యానికి హామీ లేదు. పైగా మామూలు ప్రోగ్రాములకు 50 మైక్రోసెకన్ల దాకా వెసులుబాటు తీసుకుంటుంది, దగ్గరదగ్గర గడువులన్నిటినీ కలిపి ఒకేసారి లేపి కరెంటు మిగుల్చుకోవడానికి. టైమర్ మోగినా సీపీయూ ఖాళీ లేకపోతే ప్రోగ్రామ్ వరుసలోనే నిలబడాలి. 'సూక్ష్మ టైమర్' అనండి, చాలు.

కరీంనగర్ నుంచి: 'తక్కువైతే కాదు, ఎక్కువైతే చెప్పలేం'. గిది అచ్చం మా జరసేపే కదన్నా!

హనుమకొండ నుంచి: సరే, బోర్డు మీద 'సూక్ష్మ టైమర్' రాస్తాను. జిఫ్ఫీ, టిక్ మాత్రం ముట్టుకోను. ప్రశ్నపత్రంలో ఆ మాటలే వస్తాయి.