లంకలో గేదెలు కొట్టుకుపోయాయి, కళేబరం దొరక్కపోతే పరిహారం ఇస్తారా?

లంక_కుర్రోడు:
నమస్కారమండి. మాది పి.గన్నవరం వైపు గోదావరి మధ్య లంక. మొన్న ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఇచ్చిన రాత్రి గొడ్లని ఏటిగట్టు మీదకి తోలేలోపే పాయ పొంగి దారి మునిగిపోయింది, ఈదుకుంటాయిలే అని మా నాన్న పలుపులు కోసి వదిలేశాడు. రెండు పాడి గేదెలు పోయాయండి. ఒకటి అరటితోట కంచెకి తగులుకుని దొరికితే వాసనొస్తందని ఊళ్ళోవాళ్ళే గొయ్యి తీసి సున్నం జల్లి పూడ్చేశారు, రెండోదీ దాని దూడా జాడే లేవు. పెరటికోళ్ళు ఓ 40 దాకా పోయాయి. నష్టం రాసుకోడానికొచ్చినాయన పోస్టుమార్టం రిపోర్టేదీ అంటాడు. గొడ్డే లేకపోతే పోస్టుమార్టం దేనికి చేయించాలండి? అసలు ఎంతొస్తుంది?

గట్టుమీద_బాబాయ్:
2022-26 కేంద్రం రేట్లయితే పాడి గేదెకి 37,500, దూడకి 20 వేలు, మేకకి గొర్రెకి 4 వేలు, కోడికి 100 చొప్పున ఇంటికి 10 వేలు దాటకుండా. ఆ లెక్కలో పాడిగేదెలు ఎన్ని పోయినా ఇంటికి మూడింటికే. రాష్ట్రం విడిగా పెంచితే ఎక్కువ రావచ్చు, 2024 బుడమేరు వరదకి అలాగే పెంచారు.

పాలకేంద్రం_సుబ్బి:
37,500కి ఈనిన ముర్రా గేదె ఎక్కడ దొరుకుద్దో చెప్పండి బాబూ నేనూ కొనుక్కుంటా 😑

పాత_గోపాలమిత్ర:
తమ్ముడూ గాలికుంటు టీకాలప్పుడు చెవికి పసుప్పచ్చ ట్యాగ్ కొట్టారా? 12 అంకెలుంటాయి. గేదె ఏట్లో పోయినా ఆ నంబరు మీ నాన్న పేరుమీద ఆన్‌లైన్లో ఉంటది, మీ రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక అసిస్టెంటు ఫోన్ నంబరు కొట్టి తీస్తాడు. దాంతోపాటు వీఆర్వో ముందు పంచనామా రాయించండి, ఇరుగుపొరుగు సంతకాలతో, పూడ్చిన గొయ్యి ఫొటో కూడా పెట్టండి. ఎవడో నోటిమాటగా కుదరదన్నాడని ఇంటికొచ్చేయొద్దు, అర్జీ కాగితమ్మీద ఇచ్చి రసీదు తీసుకోండి, సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్స్‌కి వెళ్ళాల్సొస్తే ఆ రసీదే అడుగుతారు. ఇంకోటి, డబ్బులు ఆధార్ లింకున్న ఖాతాలోనే పడతాయి, మా ఊళ్ళో ఒకాయనకి ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాలో పడి ఆర్నెల్లు రాలేదనుకుని తిరిగాడు.

తణుకు_కోళ్ళఫారం:
కోళ్ళు వరదలో పోయాయని స్పష్టంగా రాయించండి. రోగమంటే లెక్కే వేరు. 2025 ఫిబ్రవరిలో మా వేల్పూరు, అటు కానూరు వైపు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ప్రభుత్వం వాళ్ళొచ్చి చంపిన కోళ్ళకే పరిహారం, అంతకుముందు వాటంతట అవి చచ్చినవాటికి పైసా లేదు.

లంక_కుర్రోడు:
పొద్దున్నే పడవెక్కి వెళ్ళొచ్చానండి. గేదెలు రెండిటి నంబర్లూ కనపడ్డాయి, పంచనామా రేపు రాస్తానన్నారు. దూడకే వచ్చింది చిక్కు, దానికింకా మూడో నెల, టీకా వెయ్యలేదు కాబట్టి ట్యాగూ లేదు. మా చెల్లి ఫోన్లో అది పుట్టిన రోజు తీసిన వీడియో ఒకటుంది, తల్లి చెవికి ట్యాగ్ కూడా కనపడతంది. అదే చూపిద్దామనుకుంటున్నా.

పాత_గోపాలమిత్ర:
చూపించు. తల్లి ట్యాగ్ కనపడేలా ఫొటో ప్రింటు తీయించి పంచనామాకి పిన్ను కొట్టు.