‘నీచు వాసన’ అనడం తప్పా?

మొన్న ఆదివారం పక్క వాటా అక్క కొరమీను పులుసు పంపింది. గిన్నె తిరిగిచ్చేటప్పుడు, "రెండుసార్లు తోమినా నీచు వాసన పోలేదక్కా, చింతపండుతో ఇంకోసారి రుద్దుకోండి" అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. "మా తిండి నీకు నీచమైందా?" అంది.

ఒట్టు, నా ఉద్దేశం అది కాదు. మా అమ్మ చేప ముక్కలకి కళ్లుప్పు, పసుపు పట్టించి, ‘నీచు పోయేదాకా’ నాలుగు నీళ్లు కడిగేది. పచ్చి గుడ్డు సొన అంటిన గ్లాసుకి కూడా మా ఇంట్లో అదే మాట. శనివారం ‘నీసు ముట్టం’ అనేవాళ్లు తిట్టాలని అనరు కదా! కానీ అద్దెకి ఇల్లు అడిగినప్పుడల్లా ‘నీచు తింటారా?’ అని అడిగించుకున్నవాళ్ల చెవికి అది వేరేగా వినిపిస్తుందేమో.

తెలిసినవాళ్లు చెప్పండి: ఈ నీచు, సంస్కృతం నుంచి వచ్చిన ‘నీచం’ ఒకటేనా, లేక వినడానికి దగ్గరగా ఉన్న రెండు మాటలా? మీ వైపు ఇంకేదైనా మాట వాడతారా? ‘పచ్చి వాసన’ కుదరదు, అది మసాలా వేగనప్పటి మాట. ‘చేప వాసన’ అందామంటే గుడ్డు సంగతేంటి?

అన్నట్టు, అక్కకి ఏమని సర్దిచెప్పాలో కూడా చెప్పండి. నిన్నట్నుంచి మెట్ల మీద ఎదురుపడినా పలకరించట్లేదు.