పొట్ట విప్పి చూడా, విచ్చి చూడా?

గ్రాసింగ్ బల్ల: నేను పెథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆపరేషన్‌లో తీసిన అవయవాలను కొలిచి, కోసి, ముక్కల్ని క్యాసెట్లనే చిన్న ప్లాస్టిక్ డబ్బీలలో పెట్టడం నా పని. దాన్నే గ్రాసింగ్ అంటాం. నిన్న ఒక గర్భసంచి వచ్చింది. తెరవకుండా అలాగే డబ్బాలో వేసి పంపారు. పైన ఫార్మలిన్ (అవయవం కుళ్లకుండా పోసే ద్రవం) పట్టి బూడిదరంగులో గట్టిగా ఉంది. కత్తి దించితే లోపల ఇంకా ఎర్రగా పచ్చిగా ఉంది, లోపొర జావైపోయింది. ఫార్మలిన్ గంటకు మహా అయితే ఒక మిల్లీమీటరు దిగుతుంది మరి. చప్పున మేడిపండు పద్యం గుర్తొచ్చి, రెండో పాదం దగ్గర ఆగిపోయాను. అమ్మమ్మ ‘పొట్ట విచ్చి చూడ’ అనేది. బడిలో ‘విప్పి’ అని చదివాను. ఏది సరి?

గణవిభజన: రెండూ గలాలే, అంటే ఒక గురువూ ఒక లఘువూ. యతి పొ-పులకు, ‘వి’తో పనిలేదు. ఛందస్సు ఇక్కడ ఏమీ తేల్చదు. దానికన్నా పెద్ద పొరపాటు మొదటి పాదంలో జరుగుతోంది. ‘మేలిమై యుండు’ అని ఆపేస్తే చివర ఇంద్రగణం పడదు. ‘యుండును’ అనాలి.

పాతబడి: నాది ‘విప్పి’ పక్షం. మూట విప్పుతాం, ముడి విప్పుతాం. విచ్చడం పువ్వు పని. మేడిపండు తనంతట విచ్చుకుని పురుగుల్ని చూపిస్తుందా?

మేడిచెట్టు నీడ: అక్కడే నా పట్టు! మేడిపండు అంటే లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. పూలన్నీ లోపలే ఉంటాయి. మనం పురుగులనేవాటిలో వాటికి పుప్పొడి మోసే బుల్లి కందిరీగలూ ఉంటాయి. పూల మాటైన ‘విచ్చు’ దీనికెంత చక్కగా కుదిరిందో చూడండి. ‘కన్ను విచ్చి చూడు’ అనమూ?

పాతబడి: చక్కగా ఉందని వేమన్న అలా అన్నాడనలేం కదండీ. ఆయనది ఊరి నోట ఆడే మాట.

గణవిభజన: ఆ నోళ్లు ఎన్నని! 1829లో బ్రౌన్ అచ్చు వేయించే నాటికే ఒక్కో పద్యానికి ఎన్నో పాఠాలున్నాయి.

గ్రాసింగ్ బల్ల: మా బల్ల మీద రెండూ ఉన్నాయి. పేగుని గడ్డ లేని వైపు నుంచి కత్తెరతో నిలువునా తెరుస్తాం. అది విప్పడం. రొమ్ము గడ్డనైతే ముందు అంచులకు ఇంకు పూసి, అరసెంటీమీటరు మందాన వరసగా కోస్తాం. అడుగున కొంచెం తెగకుండా వదిలితే పుస్తకం పేజీల్లా విచ్చుకుంటుంది. ఏ పేజీలో గడ్డ ఇంకుకి దగ్గరగా వచ్చిందో అప్పుడు కనబడుతుంది. అక్కడి నుంచే క్యాసెట్‌కి మూడు మిల్లీమీటర్ల ముక్క తీస్తాం. అది మైనంలో గట్టిపడ్డాక మైక్రోటోమ్ అనే పలచగా కోసే యంత్రం మీద నాలుగు మైక్రాన్ల రేకులు వస్తాయి.

మేడిచెట్టు నీడ: పేజీల్లా విచ్చుకోవడం! ఇంకేం కావాలి?

పాతబడి: కోసింది మీరేగా, దానంతటదే విచ్చుకోలేదుగా. అసలు అందరూ వదిలేసేది మూడో పాదం: ‘పిరికివాని మదిని బింక మీలాగురా’. వేమన్న చెప్పింది పిరికివాడి గురించి. మనం దొంగ భక్తుల మీదికి తోసేశాం. ఆ ‘బింకము’ మీద మాట్లాడదాం రండి.

గణవిభజన: బింకమంటే ధైర్యం కాదు, పైకి బిగువు. మీ గర్భసంచి పైన గట్టిగా ఉందన్నారే, అది.

గ్రాసింగ్ బల్ల: అవును, సరిగ్గా అదే. మరి నా ‘విచ్చి’?

మేడిచెట్టు నీడ: మీ అమ్మమ్మగారిది ఏ ఊరు?