వెలుగు తక్కువైతే వేరు ఎందుకు ఆగుతది? మిరప నారు ట్రేల మీద ప్రశ్న

నర్సంపేట_నారు
అన్నలకు నమస్తే. చపాటా, తేజా రెండు రకాల నారు 98 గుంతల ట్రేలల్ల ఉంది. మట్టికి బదులు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పైన 75 శాతం వెలుగు ఆపే నల్ల షేడ్‌నెట్. విత్తి 28 రోజులు. పది రోజుల సంది ముసురే. మొక్క 15 సెంటీమీటర్లు లేచింది గని కాండం పుల్ల లెక్క సన్నగ, పాలిపోయి ఉంది. గుంజితే కోకోపీట్ గడ్డగ రాకుండ పొడిపొడిగ రాలుతున్నది, లోపల పట్టుకునేటన్ని వేర్లే లెవ్వు. నాలుగు మొక్కలు అవతలికి కనపడే ప్లాస్టిక్ గ్లాసుల్ల పెట్టి చూస్తే, వెలుగు దిక్కు గోడకు వేర్లు లెవ్వు, పచ్చటి పాచి పట్టింది. "వేరు మట్టిల ఉంటది, దానికి వెలుగుతోని ఏం పని, డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు) నీళ్లు పొయ్యి" అంటున్నరు. లోపం వెలుగుదేనా? వేర్లకు గూడ వెలుగు తగలాల్నా?

వేరు_మొలక
డీఏపీ ఇప్పుడు వద్దు. నత్రజని ఎక్కువైతే ఇంకా పైకే సాగుతుంది. లోపం వెలుగుదే, కానీ అది ఆకుకు అందాల్సిన వెలుగు. వేరుకు చీకటే మంచిది.

మిరప గింజలు గ్రాముకు 150 నుంచి 200 దాకా వస్తాయి. అంత చిన్న గింజలో దాచుకున్న తిండి ఎంత ఉంటుంది? చీకట్లో ఉన్నంతసేపు మొలక ఆ తిండిని కాండం సాగడానికే వాడుతుంది, ఎట్లాగైనా పైకి రావాలని. వెలుగు తగిలి బీజదళాలు (మొలక తొలి ఆకులు) పచ్చబడి, చక్కెర తయారుచేసి కిందికి పంపినప్పుడే తల్లివేరు ఊపందుకుంటుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ఇదే తేల్చారు: బీజదళాల నుంచి వేరు కొనకు చేరే చక్కెరే లేత వేరు పొడవును నడిపిస్తుంది. దీనికి తోడు హెచ్‌వై5 అనే ప్రోటీన్ వెలుగు పడ్డ ఆకు నుంచి వేరుకు దిగి, నైట్రేట్ తీసుకునే పనిని పెంచుతుందని 2016లో అదే మొక్కలో చూపించారు. అంటే వెలుగు లేని మొక్కకు ఎరువు పోసినా, దాన్ని అందుకునే వేరు సిద్ధంగా ఉండదు.

లెక్క వేసి చూడండి. మబ్బు లేని మిట్టమధ్యాహ్నం బయట లక్ష లక్స్ (చదరపు మీటరు మీద పడే వెలుగు కొలత) ఉంటుంది. దట్టమైన ముసురులో 15 వేలు ఉందనుకుంటే, 75 శాతం నెట్ కింద మిగిలేది నాలుగు వేల లోపే. ఇంకొకటి, పక్క మొక్కల ఆకుల్లోంచి వడకట్టి వచ్చే వెలుగులో ఎరుపు తగ్గి దూర ఎరుపు (మన కంటికి సరిగ్గా ఆనని ముదురు ఎరుపు) మిగులుతుంది. మొక్కలో ఈ ఎరుపులను పసిగట్టే ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ దాన్ని "పక్కన పోటీ ఉంది" అన్న కబురుగా తీసుకుంటుంది. కాండం సాగుతుంది, పిల్లవేర్లు తగ్గుతాయి. 98 గుంతల్లో ఆకులు ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే ఈ దెబ్బ కూడా ఉన్నట్టే.

గ్లాసుల సంగతి: వేరు కొనలో నీలి వెలుగును పసిగట్టే ఫోటోట్రోపిన్ ఉంటుంది. వెలుగు తగిలిన వైపు నుంచి వేరు పక్కకు జరుగుతుంది. పాచికి కావాల్సింది తడి, వెలుగు. మీ గ్లాసులో రెండూ ఉన్నాయి. చుట్టూ నల్ల కాగితం చుట్టండి, చూడాలనుకున్నప్పుడే తీయండి.

ట్రేనర్సరీ_పరకాల
పై మాటకు పని పద్ధతి కలుపుతున్న. నారు సాగుడు చాలాసార్లు 28వ రోజున కాదు, 5వ రోజునే మొదలైతది. విత్తిన ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ కప్పుతరు గద, నాలుగో రోజు నుంచి పొద్దున, సాయంత్రం విప్పి చూడాలె. ట్రేకు ఐదారు గుంతల్ల తెల్లటి మొలక కొక్కెం లెక్క వంగి కనపడ్డదంటే ఆ పూటనే విప్పి పరచాలె. మిగతావి కూడ మొలవనీ అని ఇంకొక రోజు ఆగితే ముందు లేచినవి చీకట్ల తీగ లెక్క సాగుతయి, ఆ పొడుగు మళ్ల తగ్గది. నారుమడిల వరిగడ్డి కప్పినా ఇదే లెక్క, మొలక కనపడ్డ రోజు సాయంత్రమే గడ్డి తియ్యాలె.

మిరపకు 50 శాతం నెట్ చాలు. ముసురు రోజులల్ల నెట్ పూర్తిగ జరిపి, వాన చినుకు కొట్టకుండ పైన తెల్ల పాలిథిన్ షీట్ ఉంచు, పక్కలు గాలికి తెరిచి పెట్టు. ఎండ కొట్టే రోజుల పొద్దున 9 దాకా, సాయంత్రం 4 తర్వాత నెట్ తియ్యి. ట్రేలు నేల మీద పెట్టొద్దు, జానెడు ఎత్తున కమ్మీల మీదనో కర్రల మీదనో పెట్టు. కింది రంధ్రం దగ్గర గాలి తగిలిన వేరు కొన ఎండి ఆగుతది, అప్పుడు లోపల పిల్లవేర్లు పుట్టి గడ్డ అల్లుకుంటది. నేలకు ఆనిస్తే వేరు కిందికి దిగుతది, పీకినప్పుడు తెగుతది.

ముసురుల రోజూ నీళ్లు పోసుడు ఇంకొక తప్పు. కోకోపీట్ పైభాగం లేత గోధుమ రంగుకు వచ్చి, ట్రే లేపితే తేలిగ్గ అనిపించినప్పుడే పొయ్యి. గాలి ఆడని కోకోపీట్ల వేరు పెరగది, మీదికెళ్లి నారు కుళ్లు వస్తది. మొదలు కాడ మెత్తబడి పడిపోతున్నవి కనపడితే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడుపు. ఎరువు ఇయ్యాలనుకుంటే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగ ఉన్నది) లీటరుకు 3 గ్రాములు, అది గూడ వెలుగు సరిచేసి నాలుగైదు రోజులైనంక.

నర్సంపేట_నారు
ఫోన్ల లక్స్ యాప్ తోని చూసిన. 12 గంటలకు బయట 18 వేలు, నెట్ కింద 4,200. ఇవ్వాళనే నెట్ గుంజేస్త. ఉన్న నారును నాటుకోవచ్చా? రాత్రి ఎల్‌ఈడీ బల్బులు పెడితే?

వేరు_మొలక
ఫోన్ లెక్క ఉజ్జాయింపే, కానీ లోపల, బయట ఒకే ఫోన్ కాబట్టి తేడా నమ్మొచ్చు. నాలుగో వంతు కూడా దిగట్లేదు.

బల్బుల ఖర్చు దండగ. 9 వాట్ల బల్బు మొత్తం 900 ల్యూమెన్ల దాకా వెలుగు ఇస్తుంది. అదంతా చదరపు మీటరు మీదే పడ్డా 900 లక్సే. నెట్ జరిపితే పైసా ఖర్చు లేకుండా వేలల్లో వస్తుంది.

నారును ఉన్నపళంగా పూర్తి ఎండకు పెట్టకండి, నీడలో పెరిగిన ఆకు తెల్లగా మాడుతుంది. మబ్బు ఉన్నన్ని రోజులు పూర్తిగా తెరవండి. మబ్బు విడిపోతే మొదటి రెండు రోజులు పొద్దున రెండు గంటలు, తర్వాత రోజుకో గంట పెంచండి. ట్రేల మధ్య జానెడు సందు ఇవ్వండి. పది, పన్నెండు రోజుల తర్వాత ఐదు ట్రేల నుంచి రెండేసి మొక్కలు గుంజండి. గడ్డ విరగకుండా వచ్చి, దాని చుట్టూ తెల్లటి వేర్లు కనిపిస్తే నాటుకోవచ్చు. గోధుమ రంగు వేర్లయితే నీళ్లు ఎక్కువైనట్టు. పొడుగు మొక్క కదా అని టమాటా లాగా లోతుగా పూడ్చకండి. మిరప కాండం మీద అంత తేలిగ్గా వేర్లు పుట్టవు, నల్లరేగడి తడిలో మొదలు కుళ్లుతుంది.

వెలుగు లేకుంటే వేరు సాగదని డీఏపీ పొయ్యమన్న వాళ్లకు చూపించాలంటే ఆవాలు చాలు. పెసలు వద్దు, గింజలో తిండి ఎక్కువ, తేడా ఆలస్యంగా తెలుస్తుంది. మూడు గాజు గ్లాసుల లోపలి గోడకు తడి టిష్యూ కాగితం ఆనించి, మధ్యలో పత్తి కుక్కి, కాగితానికి గాజుకు నడుమ పై అంచు దగ్గర 20 గింజల చొప్పున పెట్టండి. ఒకదానికి గింజల కింది భాగం నల్ల కాగితంతో చుట్టండి, రెండోది పూర్తిగా అట్టపెట్టెలో, మూడోది ఏమీ చుట్టకుండా. మొదటి, మూడో గ్లాసులు కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట ఉండాలి. గాజు వేడెక్కితే మొలక ఉడుకుతుంది. పెట్టెను రోజూ తెరిచి చూస్తే పరీక్ష చెడినట్టే, చీకటి గదిలో నీళ్లు పోయండి. ఏడో రోజు వేరును స్కేలు మీద చాపి కొలవండి, 20 మొక్కల సగటు తీయండి. పెట్టెలోది పసుపు ఆకు, పొడుగు కాండం, పొట్టి వేరు. మూడో గ్లాసులో కాండం కిటికీ వైపుకు, వేరు కొంచెం గది వైపుకు వాలి ఉంటుంది. కొంచెమే, ఎందుకంటే భూమి లాగుడు వెలుగు కంటే బలమైంది.

ట్రేనర్సరీ_పరకాల
ఒక్కటి మర్చిపోయిన. పైన పాలిథిన్ షీట్ దుమ్ము పట్టి, పాచి పట్టి ఉంటే నెట్ తీసినా వెలుగు దిగది. నెట్ గుంజే ముందు ఆ షీట్‌ను కడుగు.