కర్ర నీడ ఒక్కటే చాలా, భూమి గుండ్రమని చెప్పడానికి?

గోదారి_గట్టు:
మా మేనకోడలు హైదరాబాద్‌లో తొమ్మిదో తరగతి. సైన్స్ ఎగ్జిబిషన్‌కి పాత గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ప్రయోగం తీసుకుంది. అందరికీ తెలిసిన కథే, క్రీ.పూ. 240 ప్రాంతంలో ఈజిప్టు సయీన్‌లో (ఇప్పటి అస్వాన్) జూన్ నెలలో పగలు బాగా పొడుగ్గా ఉండే రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చి బావి అడుగున నీళ్లు కూడా మెరుస్తాయి, అప్పుడే ఉత్తరాన అలెగ్జాండ్రియాలో మాత్రం నిలబెట్టిన కర్రకి నీడ పడుతుంది, కర్రకీ ఎండ కిరణానికీ మధ్య కోణం 7.2 డిగ్రీలు. 360లో అది యాభయ్యో వంతు, కాబట్టి ఊళ్ల మధ్య దూరం ఇంటూ 50, భూమి చుట్టుకొలత వచ్చేసింది. చార్టు మీద "భూమి గుండ్రమని ఇలా కనిపెట్టారు" అని రాసింది. క్లాసులో ఒకడు "నేల బల్లపరుపుగా ఉండి సూర్యుడు దగ్గర్లో ఉన్నా నీడలు ఇలాగే పడతాయిగా" అన్నాడట. దానికి ఒకటే టెన్షన్. ఏం చెప్పమంటారు?

లెక్కల_మాస్టారు:
వాడు అన్నది నూటికి నూరుపాళ్లు కరెక్ట్ అండీ. ఊళ్ల మధ్య 800 కి.మీ. అనుకుంటే, బల్లపరుపు నేలకి 6,300 కి.మీ. ఎత్తులో సూర్యుణ్ణి పెట్టండి, అవే నీడలు వస్తాయి. పాత చైనా గ్రంథం జౌబీలో సరిగ్గా ఇదే పని చేశారు, నేల చదునని అనుకుని కర్ర నీడలతో సూర్యుడి ఎత్తు 80,000 లీలని తేల్చారు (లీ వాళ్ల దూరపు కొలత). నీడలు అవే, మొదట అనుకున్నది వేరు, అంతే తేడా. ఎరటోస్తనీస్ భూమి గుండ్రమని, సూర్యుడు చాలా దూరమని ముందే ఒప్పుకుని మొదలుపెట్టాడు. ఆయన కొలిచాడు, కనిపెట్టలేదు. రెండు కర్రలతో ఈ తగువు తీరదు, మూడోది కావాలి, అదీ బాగా దూరంగా. సూర్యుడు నడినెత్తిన ఉన్న చోటికి 5,000 కి.మీ. అవతల గుండ్రటి భూమి మీద నీడ కోణం 45 డిగ్రీలు రావాలి, చదును లెక్కలో 38 దగ్గరే ఆగిపోతుంది.

రాత్రి_డ్యూటీ:
మరి ముందే ఎలా తెలుసంటారా, అరిస్టాటిల్ అంతకు వందేళ్ల ముందే రెండు కారణాలు చెప్పాడు. చంద్రగ్రహణంలో భూమి నీడ అంచు ఎప్పుడు చూసినా వంపుగానే ఉంటుంది. భూమి పళ్లెంలా ఉంటే, చంద్రుడు ఉదయిస్తూ గ్రహణం పట్టినప్పుడు సన్నటి గీతలాంటి నీడ పడాలి, అలా ఎన్నడూ పడలేదు. రెండోది నాకు ఇంకా నచ్చుతుంది, ఈజిప్టులో కనిపించే నక్షత్రాలు కొన్ని ఉత్తరానికి పోతే కనిపించవు. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్‌లో డాబా ఎక్కండి, సిరియస్ (రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా బాగా మెరిసే నక్షత్రం) కింద దక్షిణాన మెరిసేది అగస్త్య నక్షత్రం. చేయి చాచి జాన పెట్టి చూస్తే ఆకాశం నేలని తాకే అంచు నుంచి దాదాపు జానెడు ఎత్తు. ఢిల్లీలో అందులో సగం కూడా ఉండదు. ఏథెన్స్‌లో అసలు పైకే రాదు. చదును నేల మీద ఎంత దూరం నడిచినా నక్షత్రం కిందికి వాలొచ్చు గానీ నేల కిందికి మాత్రం పోదు.

ఎడిసన్_ఎన్జే:
నిజమే, న్యూజెర్సీలో మాకు అగస్త్యుడు కనిపించడు. ఇండియా వచ్చినప్పుడే దర్శనం.

పాత_అటకాయన:
ఆర్యభటుణ్ణి మరిచిపోయారే. 499 నాటి ఆర్యభటీయంలో గోళపాదం అనే భాగంలో, కదంబ పువ్వు చుట్టూ కేసరాలు ఉన్నట్టు భూగోళం మీద అన్ని వైపులా ప్రాణులున్నాయని ఉంది. ఇక కొలంబస్ కనిపెట్టాడనే మాట ఎవరూ ఎత్తొద్దు దయచేసి. 1492లో గొడవ భూమి ఆకారం గురించి కాదు, సైజు గురించి, అందులోనూ తప్పు లెక్క ఆయనదే.

గోదారి_గట్టు:
చార్టు మీద "కనిపెట్టారు" తీసేసి "కొలిచారు" అని రాయిస్తా. కానీ 5,000 కి.మీ. అవతల కర్ర ఎవరు పాతుతారు మాస్టారూ?

లెక్కల_మాస్టారు:
ఆకారం పని గ్రహణానికి, అగస్త్యుడికి వదిలేయండి. కొలవడానికి ఢిల్లీలో ఎవరైనా ఉంటే చాలు, జూన్ దాకా ఆగక్కర్లేదు, రెండు ఊళ్లలోనూ మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడే ఎండ రోజు ఏదైనా సరే, ఇద్దరూ అదే రోజు కొలవండి. కోణాల తేడా 11.2 డిగ్రీల దగ్గర రావాలి, ఉత్తర దక్షిణాలుగా దూరం సుమారు 1,245 కి.మీ., చుట్టుకొలత 40,000 దగ్గర తేలుతుంది. గడియారంలో 12 చూసి మాత్రం కొలవొద్దు, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడే గుర్తు పెట్టుకోవాలి, హైదరాబాద్‌లో అది చాలా రోజులు 12 దాటాకే వస్తుంది. కర్రకి దారంతో రాయి కట్టి నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకోమనండి.