‘తిరిగి ఆడది చెడ్డది’: ఈ ‘తిరుగు’ సంగతేంది?

“తిరిగి ఆడది చెడ్డది, తిరక్క మగోడు చెడ్డాడు.” మా అవ్వ నోట్లో ఎప్పుడూ నానే సామెత ఇది. మాది నెల్లూరు జిల్లా, కలిగిరి పక్క పల్లె.

మగోడి తిరుగుడంటే ఇందులో బతుకుదెరువు. సంతకి పోవాల, అప్పుకి పోవాల, పెద్దమనుషుల దగ్గరికి పోవాల. ఆడదాని దగ్గరికొచ్చేసరికి అదే మాట నడతకి అంటుకుంటుంది. ‘తిరుగుబోతు’నే చూడండి. మగోణ్ణంటే ఇల్లు పట్టనోడని విసుగు. ఆడమనిషినంటే మాత్రం ఊళ్లో తలెత్తుకోనివ్వని తిట్టు.

1991లో పెద్దోళ్లకి చదువు నేర్పే అక్షరదీపం రాత్రిబడికి మా అమ్మ పలక చంకన పెట్టుకొని పోతుంటే అవ్వ ఈ సామెతే విసిరింది. మరుసటేడు, మా జిల్లాలోనే ఉండే దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కథ పాఠమై మా రాత్రిబడికీ వచ్చింది. దాన్ని కూడబలుక్కొని చదివిన అమ్మావాళ్లే చీపుర్లు పట్టుకొని మా ఊరి అంగడి ముందర కూర్చున్నారు, సారా ప్యాకెట్లు వీధిలో పోసి తగలబెట్టారు. ఆ పొద్దు తాగుబోతులు వాళ్లని అన్న మాట ‘తిరుగుబోతులు’. జిల్లాలో సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బందయింది. ఇప్పుడు దాన్ని మనం తిరుగుబాటు అంటున్నాం. ఆ ‘బాటు’ కట్టుబాటులోనూ ఉందే! మీ వైపు ఈ సామెత ఇంకా అంటున్నారా?

జవాబు (ఒంగోలు నుంచి):
అంటారు. కానీ ఒక సంగతి మీరు వదిలేశారు. మా అమ్మ ముప్పయ్యేళ్లు పొగాకు గ్రేడింగుకి పోయింది. ఒక్కరు కూడా ‘తిరిగింది’ అనలా, ‘పనికి పోయింది’ అన్నారు. నలుగురితో కలిసి సినిమాకి పోయిన రోజే ‘తిరిగింది’. కూలి డబ్బులు ఇంటికొచ్చే తిరుగుడికి ఈ మాట తగల్లా, తన ఇష్టంతో పోయినదానికే తగిలింది.

మొదట రాసినవారు:
నిజమే, నాకు తట్టలేదు. మా అవ్వ కూడా వరి నాట్లకి మూడు ఊళ్లు దాటి పోయేది. అప్పుడు ఆమెకి ఏ సామెతా అడ్డం రాలేదు.

మీరన్నాక ఇంకోటి గుర్తొచ్చింది. నా కూతురు చెన్నైలో ఉద్యోగం చేస్తుంది. పోయిన నెల స్నేహితురాళ్లతో మహాబలిపురం పోయొచ్చి అవ్వకి ఫోటోలు చూపించింది. అవ్వ కళ్లజోడు సర్దుకొని, సముద్రం ముందర జుట్టు ఎగురుతూ నవ్వుతున్న ఫోటో దగ్గర ఆగింది. చానాసేపు చూసి, “బాగా తిరిగొచ్చినావు మే. నన్నెవురు తిప్పినారు?” అంది.